మైగ్రేన్ ఉన్న ఇంట్లో గోడ క్యాలెండర్ ఉండాలి

సూదిలో దారం ఎక్కిస్తుంటే ఉన్నట్టుండి సూది బెజ్జం కనపడదు. చుట్టూ అంతా కనపడుతుంది, చూస్తున్న చోటు మాత్రం ఖాళీ. కాసేపటికి ఆ ఖాళీ పక్కన చిన్న మెరుపు పుడుతుంది. అది పెరిగి పెరిగి, చీర అంచుకు వేసే జిగ్‌జాగ్ కుట్టులాగా పళ్ళు పళ్ళుగా వంకర తిరిగి, మెల్లగా కుడి పక్కకు జరిగిపోతుంది. కళ్ళు మూసుకున్నా కనపడుతూనే ఉంటుంది. ఇరవై నిమిషాలకో అరగంటకో అది పోతుంది. ఆ తర్వాత ఎడమ కణత దగ్గర నొప్పి మొదలవుతుంది.

నేను రామ్మూర్తినగర్‌లో ఇంటి ముందు గదిలో బ్లౌజులు కుడతాను. ప్రొద్దుటూరు నుంచి బెంగళూరు వచ్చి పదిహేడేళ్ళయింది. ఈ నొప్పి ఇంటర్ చదివే రోజుల నుంచి నాతో ఉంది. ఒకప్పుడు నెలలో సగం రోజులు పడుకునే ఉండేదాన్ని. ఇప్పుడు నెలకు నాలుగు రోజులు, మహా అయితే ఐదు. ఎలా తగ్గిందో, ఏం చేస్తే తగ్గిందో వివరంగా రాస్తున్నాను. నా షాపుకు వచ్చే ఆడవాళ్ళలో కనీసం పది మంది ఇదే బాధ పడుతూ, దీనికి మందు లేదని నమ్ముతున్నారు. వాళ్ళందరికీ ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాయడం.

ముందు దాని పేరు తెలియాలి

మా ఇంట్లో దీన్ని పైత్యం అనేవాళ్ళు. వాంతి అయ్యాక తగ్గుతుంది కాబట్టి పైత్యమే అని అందరూ ఒప్పేసుకున్నారు. మా అమ్మ కూడా తలకు గుడ్డ బిగించి కట్టుకుని వంటింటి పక్క చీకటి గదిలో పడుకునేది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువని నాకు తర్వాత తెలిసింది. బెంగళూరు వచ్చాక ఒక ఆసుపత్రిలో సైనస్ అన్నారు. రెండేళ్ళు యాంటీబయాటిక్స్ వాడాను. ఇంకొక చోట కళ్ళద్దాలు మార్చారు. ఎవరూ నన్ను నొప్పి గురించి పది నిమిషాలు అడిగింది లేదు.

చివరికి నరాల డాక్టరుగారు అడిగినవి ఇవి. నొప్పి ఒకవైపే వస్తుందా? గుండె కొట్టుకున్నట్టు టపటపా పోటుగా ఉంటుందా? మెట్లు ఎక్కితే, వంగితే ఎక్కువవుతుందా? వికారం ఉంటుందా? వెలుతురు, చప్పుడు భరించలేకపోతున్నారా? మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉంటుందా? అన్నిటికీ అవునన్నాను. స్కాన్ అవసరం లేకుండానే మైగ్రేన్ అని తేల్చారు. మీరు కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. అక్కడ కూర్చున్నాక మనకు ఏదీ గుర్తుకు రాదు. ముక్కు కారడం, కళ్ళలో నీళ్ళు రావడం మైగ్రేన్‌లో కూడా ఉంటాయి. అవి ఉన్నాయని సైనస్ అనుకుని ఏళ్ళు పోగొట్టుకోకండి.

ఆ జిగ్‌జాగ్ మెరుపును ఆరా అంటారు. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో మూడో వంతో, నాలుగో వంతో మందికే అది వస్తుంది. మెదడు పైపొర మీద ఒక అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతుందని, అందుకే మెరుపు అంత నిదానంగా జరుగుతుందని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట విన్నాక నాకు భయం సగం పోయింది. అంతకుముందు ప్రతిసారీ చూపు పోతుందేమోనని వణికిపోయేదాన్ని.

బెంగళూరు నగరంలోను, చుట్టుపక్కల పల్లెల్లోను ఇంటింటికీ తిరిగి చేసిన ఒక సర్వేలో పెద్దవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి ఏడాదిలో మైగ్రేన్ వచ్చినట్టు తేలింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి "నీకొక్కదానికే ఎందుకమ్మా ఇలా" అని ఎవరన్నా అంటే నమ్మకండి.

ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రతి తలనొప్పినీ మైగ్రేన్ ఖాతాలో వేయకూడదు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా, జీవితంలో ఎన్నడూ రానంత నొప్పి వస్తే, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోతే, మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో లేవకపోయినా, తలకు దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా, యాభై ఏళ్ళు దాటాక కొత్తగా వచ్చినా, గర్భంతో ఉన్నప్పుడో కాన్పు తర్వాతో ఎప్పుడూ లేని నొప్పి వచ్చినా ఇంట్లో పడుకోవద్దు. 108కి ఫోన్ చేసి అయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆరా మొదటిసారి వచ్చినప్పుడు, లేదా గంట దాటినా పోనప్పుడు కూడా అంతే.

క్యాలెండర్ మీద రాయడం

మా వంటింటి గోడకు తిథులు, రాహుకాలం వేసిన తెలుగు క్యాలెండర్ ఉంటుంది. పాల లెక్క, గ్యాస్ బండ తెచ్చిన తేదీ దాని మీదే రాస్తాను. తలనొప్పి లెక్క కూడా అక్కడే మొదలుపెట్టాను. ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి, మా అబ్బాయి ఒకటి వేసిచ్చాడు కూడా. కానీ నొప్పి వచ్చిన రోజున ఫోన్ వెలుతురు చూడలేను. అందుకే క్యాలెండర్.

రాసే పద్ధతి చాలా చిన్నది. నొప్పి వచ్చిన రోజు గడిలో ఎర్ర పెన్నుతో ఒక చుక్క. పని చేసుకోగలిగితే చిన్న చుక్క, పడుకోవాల్సి వస్తే పెద్దది. మాత్ర వేసుకుంటే నీలం పెన్నుతో ఒక గీత. ఎన్ని మాత్రలు వేసుకున్నా ఆ రోజుకు ఒక్కటే గీత, ఎందుకంటే లెక్క పెట్టాల్సింది రోజులను. నెలసరి మొదలైన రోజున మూలలో ఒక సున్నా. ఇవి మూడూ చాలు. తిన్నవన్నీ, నిద్రపోయిన గంటలన్నీ రాయాలని మొదలుపెడితే వారం దాటి ఎవరూ రాయలేరు. ఏదైనా తేడాగా జరిగితే మాత్రం ఒక్క ముక్కలో రాయండి: "పెళ్ళి", "ఉపవాసం", "రాత్రి రెండింటిదాకా కుట్టు".

మూడు నెలలు రాశాక ఒక ఆదివారం మూడు కాగితాలూ చింపి నేల మీద పక్కపక్కన పరిచాను. నేను ఏళ్ళ తరబడి ఎండనీ, ట్రాఫిక్‌నీ తిట్టుకుంటూ ఉంటే, చుక్కలు మాత్రం శనివారాల చుట్టూ గుమిగూడి ఉన్నాయి. ఇంకో గుంపు సున్నా గుర్తుకు రెండు రోజులు అటూ ఇటూ. రెండోది ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోయేటప్పుడు వచ్చే నొప్పి. దాన్ని ఆపలేను గాని, ముందే తెలిస్తే ఆ రోజులకు అర్జెంటు ఆర్డర్లు ఒప్పుకోకుండా ఉండగలను. శనివారానిదే అసలు ముడి.

శనివారం నేను వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేదాన్ని. తెల్లవారుజామునే చన్నీళ్ళతో తలస్నానం. తడి జుట్టు బిగించి ముడి. పూజ అయ్యేదాకా కాఫీ లేదు. అంటే మామూలుగా ఆరింటికి తాగే ఫిల్టర్ కాఫీ పదింటికి. మధ్యాహ్నం దాకా కడుపు ఖాళీ. ఈ నాలుగూ ఒకే పొద్దున పడుతున్నాయి. ఒక్కొక్కటి విడిగా అయితే తట్టుకుంటానేమో, నాలుగూ కలిస్తే సాయంత్రానికి పడక తప్పదు.

తలస్నానం మాట చెబితే చాలామంది నవ్వుతారు. కానీ ముంబయికి చెందిన ఒక తలనొప్పి డాక్టరు 2006లో తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయ రోగుల గురించి వైద్య పత్రికలో రాశారు. పొడవు జుట్టు, తడి ఆరకపోవడం మన ఆడవాళ్ళకు ఉన్న బాధే. నేనేం మార్చానంటే, స్నానం తెల్లవారుజాము నుంచి ఎండ వచ్చాక పదకొండింటికి మార్చాను. గోరువెచ్చని నీళ్ళు. టవల్‌తో తుడిచి, జుట్టు వదులుగా వదిలేసి, పూర్తిగా ఆరాకే జడ. ఒక్కపొద్దు మానలేదు. అది నాకు ముఖ్యం. అయితే పొద్దున్నే పాలు, రెండు అరటిపళ్ళు తీసుకుంటాను. మా అత్తగారే ఆ మాట అన్నారు: "పాలూ పళ్ళూ తింటే ఒక్కపొద్దు చెడదమ్మా." కాఫీ మాత్రం ఆరింటికే, ఆదివారమైనా, పండగైనా. రోజూ తాగేవాళ్ళకు చివరి కప్పు తర్వాత పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపల కాఫీ లేని తలనొప్పి మొదలవుతుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, అదే టైముకు. మూడోది లేదు.

శనివారాలు ఖాళీ అవ్వడానికి రెండు నెలలు పట్టింది.

ఒక పొరపాటు గురించి హెచ్చరించాలి. నొప్పికి ముందు రోజు నేను బెల్లం ముక్క కోసం వంటింట్లోకి నాలుగుసార్లు వెళ్ళేదాన్ని. అందుకని తీపి తింటే వస్తుందని బెల్లం మానేశాను. ఏమీ తగ్గలేదు. నొప్పి మొదలవడానికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ఒకరోజు ముందే, మెదడులో మార్పు మొదలవుతుందట. ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, తీపి మీద మనసు పోవడం అప్పటి గుర్తులు. బెల్లం కారణం కాదు, అది కబురు. చాక్లెట్ విషయంలో కూడా చాలామందికి ఇదే జరుగుతుంది. నా దగ్గర పనిచేసే అమ్మాయి ఈ గుర్తులను నాకంటే ముందు పసిగడుతుంది. "అక్కా, ఆవలింతలు మొదలైనాయి, సూదిలో దారం మూడోసారి తప్పింది" అంటుంది. ఆ రోజు టైముకు తింటాను, నీళ్ళు తాగుతాను, రాత్రి మిషన్ ఎక్కను.

వెలుతురు, వాసన, ప్రయాణం

మిషన్ మీద ఉన్న తెల్లటి ఎల్‌ఈడీ బల్బు ముఖానికి ఎదురుగా ఉండేది. దాన్ని తీసేసి పసుపు వెలుతురు బల్బు ఎడమ పక్కన, కంటికి తగలకుండా పెట్టించాను. జరీ, చెమ్కీ, మగ్గం వర్క్ ఉన్న బ్లౌజులు పొద్దున పది లోపల కిటికీ వెలుతురులో కుడతాను. సాయంత్రం కాటన్, లైనింగ్, ఫాల్స్. జరీ మీద ట్యూబ్‌లైట్ పడి కంట్లోకి కొట్టడం ఒక్కటి తప్పించినా నాకు చాలా తేడా వచ్చింది. ఇంట్లో నల్ల కళ్ళద్దాలు రోజంతా పెట్టుకోవద్దు. కళ్ళు చీకటికి అలవాటుపడి వెలుతురు ఇంకా గుచ్చుతుంది. అరగంటకోసారి లేచి మెడ తిప్పుతాను.

లైనింగ్ గుడ్డ, హుక్కులు, జరీ బోర్డర్ కొనడానికి చిక్కపేట వెళ్ళాలి. ఇదివరకు బస్సులో టిన్ ఫ్యాక్టరీ స్టాపు దగ్గరే ముప్పావుగంట పొగలో, హారన్లలో కూర్చుని, చిక్కపేట చేరేసరికి తల పగిలేది. 2023 అక్టోబరులో మెట్రో మా వైపు కలిశాక బెన్నిగానహళ్ళిలో ఎక్కి మెజెస్టిక్‌లో మారి వెళుతున్నాను. బ్యాగులో నీళ్ళ సీసా, పల్లీ చిక్కీ, మాత్ర, చెవుల్లో పెట్టుకునే దూది, ఒక ప్లాస్టిక్ కవరు ఎప్పుడూ ఉంటాయి. కవరు వాంతికి. అది ఉందన్న ధైర్యంతోనే సగంసార్లు దాని అవసరం రాదు. సెంట్లు, సంపెంగలు, అగరొత్తుల వాసన నాకు పడదు. కిటికీ తెరిచి పెడతాను, కస్టమర్లకు మెల్లగా చెబుతాను.

మాత్ర: ఎప్పుడు, ఎన్ని రోజులు

అందరూ చేసే తప్పే నేనూ చేశాను. "కాసేపు చూద్దాం, తగ్గుతుందేమో" అని ఓర్చుకుని, నొప్పి పీక్కుతింటున్నప్పుడు మాత్ర మింగడం. మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు కదలిక మందగిస్తుంది, మింగింది అక్కడే ఉండిపోతుంది. అప్పుడు వేసుకున్న మాత్ర వాంతిలో పోతుంది. నొప్పి మొదలైన తొలి గంటలోనే వేసుకోవాలి. నా చీటీలో న్యాప్రోక్సెన్ 500, దానితో పాటు వికారం తగ్గే మాత్ర ఉన్నాయి. ఏదో ఒకటి తిని వేసుకుంటాను. అది పనిచేయకపోతే సుమట్రిప్టాన్. ట్రిప్టాన్లు మైగ్రేన్ కోసమే తయారైన మందులు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు అవి వాడకూడదు. ఆరా ఉన్నవాళ్ళు మెరుపు కనపడగానే వేసుకోకూడదు, నొప్పి మొదలవగానే వేసుకోవాలి. అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు న్యాప్రోక్సెన్ లాంటివి పడవు. కాబట్టి నా చీటీ చూసి మీరు కొనకండి, మీ చీటీ మీరు రాయించుకోండి.

ఇప్పుడు నీలం గీతల సంగతి. మూడు నెలల కాగితాలు చూసి డాక్టరుగారు ఎర్ర చుక్కలు లెక్కపెట్టలేదు. నీలం గీతలు లెక్కపెట్టారు. నెలకు పదహారు, పదిహేడు, పదహారు. "మీకు ఇప్పుడు రెండు తలనొప్పులు ఉన్నాయమ్మా. ఒకటి మైగ్రేన్, రెండోది ఈ మాత్రలు తెచ్చినది" అన్నారు. మామూలు నొప్పి మాత్రలు నెలకు పదిహేను రోజులు, ట్రిప్టాన్లు గాని రెండు మూడు మందులు కలిపిన మాత్రలు గాని పది రోజులు, మూడు నెలలకు మించి వాడితే మందే నొప్పిని పెంచుతుంది. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే స్ట్రిప్పు ఇంత పని చేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుంచుకోమంటే ఇదే గుర్తుంచుకోమంటాను. వారానికి రెండు నీలం గీతలు దాటితే డాక్టరును కలవండి.

మాత్రలు ఆపడానికి ఆషాఢం ఎంచుకున్నాను. పెళ్ళిళ్ళుండవు, ఆర్డర్లు తక్కువ. ఆపిన మొదటి వారం నొప్పి రెండింతలయింది. అలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి నిలబడ్డాను. మా ఆయన ఆ వారం వంట చేశారు. తొమ్మిదో రోజు పొద్దున లేచేసరికి తల తేలిగ్గా ఉంది. అదే సమయంలో రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. ఇది నొప్పి రాకుండా ముందే రోజూ వేసుకునే రకం. నోరు ఎండిపోవడం, పొద్దున మత్తు ఉంటాయి. పడుకునేముందు కాకుండా ఎనిమిదింటికే వేసుకుంటే మత్తు తగ్గింది. ఇలాంటి మందులు పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పదిహేను రోజులకే "పనిచేయలేదు" అని మానేసినవాళ్ళు నా కస్టమర్లలోనే ముగ్గురున్నారు.

ప్రొప్రనలాల్, టోపిరామేట్, ఫ్లునారిజిన్ కూడా ఇలాంటివే. ఆస్తమా ఉంటే ప్రొప్రనలాల్ పడదు. ఫ్లునారిజిన్‌తో బరువు పెరగవచ్చు, మనసు దిగాలు పడవచ్చు. టోపిరామేట్, వాల్ప్రోయేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఆరా ఉన్న ఆడవాళ్ళు ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఆడవాళ్ళ జబ్బులు చూసే డాక్టరు దగ్గర కూడా "నాకు జిగ్‌జాగ్ కనపడుతుంది" అని నోరు తెరిచి చెప్పండి. సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే కొత్త ఇంజెక్షన్లు వచ్చాయి. ఆ పదార్థానికీ మైగ్రేన్‌కూ ఉన్న లంకె కనిపెట్టిన నలుగురికి 2021లో, మెదడు పరిశోధనలకు ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. ఖర్చు ఎక్కువ, నాకు వాటి అవసరం రాలేదు. మామూలు మందులకు జనౌషధి షాపులో సగం కంటే తక్కువే అవుతోంది.

శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేయడం, బామ్ రాసుకోవడం మన ఇళ్ళలో ఉన్నవే. అమృతాంజనం 1893లో తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మనవారే. ఆ చల్లదనం హాయిగా ఉంటే రాసుకోండి, మాత్ర ఆలస్యం చేయకండి. నాకు టవల్‌లో ఐసు ముక్కలు చుట్టి మెడ వెనక పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది.

ఇల్లు, షాపు

పడక గది తలుపు గడియకు నా కొలతల టేపు వేలాడుతుంటే ఎవరూ తట్టకూడదు, టీవీ పెట్టకూడదు, తాలింపు వేయకూడదు. ఇది మా ఇంట్లో ఒప్పందం. నొప్పిలో ఉన్నప్పుడు "చప్పుడు చేయొద్దు" అని చెప్పే ఓపిక కూడా ఉండదు. మా అబ్బాయికి పన్నెండేళ్ళు. టేపు చూడగానే చెప్పులు చేత్తో పట్టుకుని మేడ మీదికి వెళ్ళిపోతాడు.

శ్రావణంలో వరలక్ష్మీవ్రతానికి ముందు పది రోజులు ఊపిరాడదు. ఇదివరకు సిగ్గుపడి జ్వరమని చెప్పేదాన్ని. ఇప్పుడు మైగ్రేన్ అనే చెబుతాను. రసీదు మీద రాసే తేదీకి రెండు రోజులు ముందే పని ముగిసేలా లెక్క వేసుకుంటాను. ఆ రెండు రోజులు నొప్పికి కేటాయించినవి. నొప్పి రాకపోతే ఇంకో రెండు బ్లౌజులు.

నొప్పి పోయిన మర్నాడు కూడా ఆ జబ్బులో భాగమే. ఒళ్ళంతా పిండేసినట్టు, తల బోలుగా, ఆలోచన నిదానంగా ఉంటుంది. అది తెలియక ఒకసారి మర్నాడే కత్తెర పట్టి, ఒకామె కంచిపట్టు బ్లౌజు ముక్కలో రెండు చేతులూ ఒకే వైపుకు కత్తిరించాను. ఆమె కూతురి పెళ్ళి బట్ట అది. అదే రంగు ముక్క కోసం చిక్కపేట అంతా తిరిగి, దొరక్క, ఆమెకు డబ్బులు కట్టి ఇచ్చాను. అప్పటి నుంచి పెద్ద ఎర్ర చుక్క పడిన మర్నాడు కటింగ్ టేబుల్ మీద గుడ్డ పరచను. హుక్కులు, కాజాలు, ఫాల్స్ ముందేసుకుని కూర్చుంటాను. కత్తెర నా దగ్గర పనిచేసే అమ్మాయి చేతిలో ఉంటుంది, అడిగినా ఇవ్వదు.